కంతు అడిగితే క్లాసు పోయింది

అన్నలారా, పిల్లల్ని అమెరికా పంపినోళ్లకు ఒక మాట. ఆదోని మార్కెట్లో పత్తి అమ్మి వస్తా ఫోన్ చేస్తే నేను మావాణ్ణి అడిగేది ఒకటే: "ఈ నెల బ్యాంకు కంతుకు ఏమన్నా పంపుతావా రా?" వాడు క్లాసులు ఎగ్గొట్టి ఏదో స్టోర్‌లో పని చేస్తున్నాడంట, మొన్న తెలిసింది. తిట్టినా. "నువ్వు ఎప్పుడన్నా చదువు సంగతి అడిగితివా నాయినా?" అన్నాడు. నోరు పెగల్లేదు.

చదువుకునేటప్పుడు క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలే, బయట అనుమతి లేకుండా చేయకూడదు. కాలేజీకి చెప్పకుండా క్లాసులు మానితే వీసా రద్దు కావొచ్చని 2025 మేలో అమెరికా ఎంబసీ కూడా హెచ్చరించింది. వీసా పోతే తాకట్టులో ఉన్న రెండెకరాలూ పోయినట్లే.

గొర్రెలు అమ్మి కంతు కట్టినా. నిన్న "క్లాసుకు పోయినావా?" అన్నా. "పోయినా నాయినా" అన్నాడు. పోయినాడో లేదో వాడికే తెలియాల.