నాలుగు డాలర్ల తలకాయ

టెక్సాస్‌లో సొంత ఇల్లున్నవాళ్ళు ఏప్రిల్ నెల నీటి బిల్లు వచ్చినప్పుడు కింద మొత్తం చూసి కట్టేయకుండా, మురుగునీటి లైను దగ్గర కాసేపు ఆగాలి. ఇక్కడ చాలా సిటీల్లో డ్రైనేజీలోకి ఎంత నీళ్ళు వదిలామో కొలిచే మీటరుండదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంట్లోకి వచ్చిన నీటికి సగటు కడతారు. చలికాలంలో గడ్డికి నీళ్ళు పెట్టేవాళ్ళు తక్కువ కాబట్టి, ఆ వాడకమంతా డ్రైనేజీలోకే పోయిందని వాళ్ళ లెక్క. ఆ సగటు మీద తర్వాతి పన్నెండు నెలలూ ఛార్జి పడుతుంది. ఆ మూడు నెలల్లో ఎవరికీ పనికిరాకుండా నేలలో ఇంకిన నీళ్ళకి కూడా ఏడాది పొడుగునా మురుగునీటి రుసుము కడుతూనే ఉంటాం.

నా బిల్లులో ఆ లైను 18 డాలర్ల 20 సెంట్లు పెరిగింది. దానికి కారణం డ్రైవ్‌వే మూలనున్న ఒక స్ప్రింక్లర్ హెడ్డు. ఆ హెడ్డుని ముందే సరిచేయించకపోవడానికి కారణం మా బావగారు.

మాది డాలస్‌కి ఉత్తరాన ఒక శివారు ఊరు. ముందు వాకిట్లో బెర్ముడా గడ్డి, దాని కింద అచ్చమైన నల్లరేగడి. గుంటూరు, కర్నూలు వాళ్ళకి ఈ నేల సంగతి చెప్పనక్కర్లేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాంతోపాటే హెడ్డులూ ఒక సీజన్‌లో పైకి తేలతాయి, ఒక సీజన్‌లో కుంగుతాయి. బిల్డరు వాటిని గట్టి ప్లాస్టిక్ రైజర్ల మీద బిగించాడు. డ్రైవ్‌వే పక్కనా, కాలిబాట పక్కనా, మోవరు మలుపు తిరిగే చోటా ఉన్నవి మొత్తం పన్నెండు. వాటి కింద రైజర్లు తీసేసి, వంగే పైపుతో స్వింగ్ జాయింట్లు వేసి, నేలకి సమంగా దింపడానికి లైసెన్సున్న ఇరిగేషన్ మనిషి కొటేషన్ ఇచ్చాడు. హెడ్డుకి 35 డాలర్ల చొప్పున పన్నెండింటికి 420.

దసరా భోజనాల దగ్గర ఈ మాట బయటికి వచ్చింది. బావగారు మా అక్కయ్య భర్త. ఈ దేశానికి నాకన్నా చాలా ముందు వచ్చారు కాబట్టి ఇల్లు, కారు, 401కె, దేనిమీదైనా ఆఖరి మాట ఆయనదే.

“ఏమోయ్, నాలుగు డాలర్ల తలకాయకి ముప్పై అయిదు డాలర్ల హెల్మెట్టా?” అన్నారు. అందరూ నవ్వారు. “అంకె చూశావా అసలు? ఫోర్ ట్వంటీ! వాడు ముందే చెప్పేశాడు కదోయ్!” ఈసారి పిల్లలు కూడా నవ్వారు. “పన్నెండూ పగిలినా పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. ఆ 420 తీసుకెళ్ళి ఇండెక్స్ ఫండ్‌లో పడెయ్.” చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ ఇంకో సలహా పారేశారు. “ఇక్కడి మట్టి ఎండితే ఫౌండేషన్ పగుళ్ళిస్తుంది. చలికాలంలో కంట్రోలర్ మాత్రం ఆపకు.”

“అన్నయ్యగారు చెప్పింది సబబే కదా” అంది మా ఆవిడ. చర్చ అక్కడితో ముగిసింది.

నవంబరులో ఆ ఏటికి ఆఖరి కోత. అంతకుముందు వానలు పడి నేల మెత్తగా ఉంది. కోతకి వచ్చినతను ఎక్కి నడిపే జీరోటర్న్ మోవరుని డ్రైవ్‌వే మూలన గిర్రున తిప్పాడు. చక్రం హెడ్డు మీదుగా వెళ్ళింది. హెడ్డుకి ఏమీ కాలేదు, గీతైనా పడలేదు. కింద రైజరు గట్టిది కాబట్టి బరువంతా తిన్నగా పైపు మీదున్న T ఆకారపు జాయింటు (టీ) మీద పడి, అది చిట్లింది. హెడ్డు కొద్దిగా ఒరిగింది, అంతే. ఆ హెడ్డున్న జోన్ తెల్లవారుజామున అయిదింటికి తిరుగుతుంది. చీకట్లో, చలిలో, వీధి పక్క నేల కింద నీళ్ళు పోతుంటే చూసేదెవరు? ఆ నీరు గడ్డి మీదికి కూడా రాకుండా నేలలోకి జారిపోయింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇరిగేషన్ మనిషి అంచనా ప్రకారం చిట్లిన చోట నిమిషానికి 15 గ్యాలన్లు పోయాయి. జోన్ తిరిగేది 20 నిమిషాలు. అంటే ఒక్కో తడవకి 300 గ్యాలన్లు, వారానికి రెండు తడవలు కాబట్టి 600. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదమూడు వారాలకి 7,800 గ్యాలన్లు. వెయ్యికి 5 డాలర్ల చొప్పున నీటి ఖరీదు 39 డాలర్లు. ఇక్కడితో ఆగితే బావగారే నెగ్గినట్టు.

ఆగదు. 7,800ని మూడు నెలలకి పంచితే నెలకి 2,600. నా చలికాలపు సగటు అంత పెరిగింది. మురుగునీటి రేటు వెయ్యికి 7 డాలర్లు. 2.6ని 7తో గుణిస్తే 18.20. పన్నెండు నెలలకి 218 డాలర్ల 40 సెంట్లు. పోయిన నీళ్ళ ఖరీదు 39 అయితే, అవి ‘మా డ్రైనేజీలోకి వెళ్ళినందుకు’ కట్టేది దానికి అయిదున్నర రెట్లు. ఇక రిపేరు. మనిషి గుమ్మం తొక్కినందుకు 95, తవ్వి టీ మార్చినందుకు 140, కలిపి 235.

39, 218.40, 235. మొత్తం 492 డాలర్ల 40 సెంట్లు. ఇదంతా పన్నెండింట్లో ఒక్క హెడ్డుకి. 420 కన్నా 72.40 ఎక్కువ.

బావగారి ఇండెక్స్ ఫండ్‌కి కూడా న్యాయం చేశాను. 420 మీద ఏడాదికి 7 శాతం వచ్చిందనుకుంటే 29.40. 72.40లోంచి అది తీసేసినా ఇంకా 43 డాలర్లు నావైపే. ఈ లెక్కని ఎక్సెల్‌లో వేసి, రంగులద్ది, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అక్కయ్య బొటనవేలు గుర్తు పెట్టింది. బావగారు మర్నాడు పొద్దున ఒక సూర్యోదయం ఫొటోతో అందరికీ శుభోదయం చెప్పారు. ఆ శీతాకాలపు సగటు పెరగడంలో ముద్దాయి ఆయన కంట్రోలర్ సలహానే అన్నది గ్రూపులో ఎవరూ ఎత్తలేదు. ఫౌండేషన్‌కి తడి కావాలంటే గోడ వెంబడి సోకర్ హోస్ పరవాలి. వీధి అంచున గడ్డి తడిపితే ఫౌండేషన్‌కి ఒరిగేది సున్నా.

మిగతా పదకొండింటికీ స్వింగ్ జాయింట్లు వేయించాను, 385 డాలర్లు. దాని పనితనం చెప్పాలి. పైపు నుంచి హెడ్డు దాకా అర అంగుళం మెత్తటి పాలిథిన్ గొట్టం, రెండు చివరలా మోచేతి ముక్కలు. చక్రం ఎక్కితే హెడ్డు కిందికి కుంగుతుంది, పక్కకి జరుగుతుంది, గొట్టం వంగుతుంది, టీ క్షేమం. తర్వాత చేత్తో నిలబెడితే సరి. అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. హెడ్డు మూత మట్టికి సమంగా ఉండాలి, గడ్డి కొనలకి కాదు. బెర్ముడాని ఒకటి రెండు అంగుళాల ఎత్తున కోస్తారు. వసంతంలో తొలి కోత ఇంకా నున్నగా కోస్తారు. చలికాలంలో నేల ఉబ్బి పైకి తేలిన హెడ్డుకి ఆ రోజే గండం. ఆ కోతకి ముందు ఒకసారి అన్నీ చూసుకుని, ఎత్తుగా ఉన్నవి దింపాలి. కొన్నిటికి రబ్బరు సీలులో ఇసుక చేరి, నీళ్ళు ఆగాక కూడా కాడ లోపలికి దిగదు. దాన్ని బ్లేడు కోసేస్తుంది. కడిగితే పోయేదానికి కొత్త హెడ్డు కొంటారు జనం. మలుపుల దగ్గర చిన్న జెండాలు గుచ్చి, కోత అయ్యాక ప్రతి జోన్‌నీ ఒక్క నిమిషం తిప్పి చూస్తే ఏది ఒరిగిందో అక్కడే తెలుస్తుంది. ఖర్చులేని కాపలా ఇదే.

హెడ్డు చుట్టూ పెట్టే సిమెంటు రింగులు మన రేగడిలో అవే కుంగి ఒరుగుతాయి. సొంత పెరట్లో పనికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఓపికుంటే సామాను తెచ్చి మీరే వేసుకోవచ్చు.

ఒక్క పగిలిన స్ప్రింక్లర్ హెడ్డు ఆరు నెలల సీజన్‌లో 25,000 గ్యాలన్ల దాకా వృథా చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. అంటే నాది చిన్న కేసే. అయినా దాని గురించి ఇంత ఆలోచించాక నాకు ఒకటి తేలింది. బావగారి గుణకారంలో తప్పులేదు. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిదే. ఆయన లెక్కలో వస్తువు ధర ఉంది, అది పాడైన సంగతి మనకి ఎన్నాళ్ళకి తెలుస్తుందన్నది లేదు. కారు టైరు పంక్చరైతే ఆ క్షణానే తెలుస్తుంది, నష్టం టైరుతో పోతుంది. చప్పుడు చేయకుండా పాడయ్యే వస్తువు ఎంత చవకదైనా, తెలిసేదాకా గడిచిన ప్రతి రోజూ దాని ధరలో కలుస్తుంది.

అప్పటినుంచి ఇంట్లో డబ్బు విషయాలన్నీ ఈ వరసలో పెట్టుకున్నాను. చప్పుడు చేయనివి ముందు. ఇండియాలో లావాదేవీల్లేక నిద్రపోయే బ్యాంకు ఖాతా, పెళ్ళికి ముందు తీసుకున్న ఎల్‌ఐసీ పాలసీలో ఇంకా మారని నామినీ, పాత కంపెనీలో వదిలేసి వచ్చిన 401కె మీద ఏటా కోసుకునే ఫీజు. వీటిలో దేనికీ సైరన్ మోగదు. సరిచేయడానికి పట్టేది ఒక్కో సాయంత్రం.

సలహాలకీ ఇదే వరస వర్తిస్తుంది. తప్పుడు సలహా ఇచ్చిన పూటే బెడిసికొడితే ఎవరూ రెండోసారి వినరు. ఏప్రిల్ దాకా ఆగి బెడిసికొట్టేది ఇచ్చినవాళ్ళ పరువుని ఏమీ చేయదు. అప్పటికి భోజనాలయ్యాయి, నవ్వులయ్యాయి, అందరూ మరిచిపోయారు.

బావగారింట్లో వాషింగ్ మెషీన్ మేడమీద ఉంది. దాని వెనక హోసులు ఇల్లు కొన్ననాటి రబ్బరువి. అయిదేళ్ళకోసారి మార్చమంటారు, స్టీలు అల్లికవి జత పాతిక డాలర్లకి వస్తాయి. మొన్న ఉగాదికి వెళ్ళినప్పుడు ఆ మాటే చెప్పాను. “చూద్దాంలేవోయ్” అన్నారు.