అన్న రాసిన అక్షరాలు

జనవరి 19

కర్నూలు ఆసుపత్రి నుంచి ఆలంపూర్ చేరేసరికి చీకటి పడింది. బస్సులో అన్న నా భుజం మీద తలవాల్చి పడుకున్నాడు. కడుపు కుండలా ఉబ్బింది, చేతులు పుల్లలయ్యాయి. వాచీ బెల్టు చివరి బెజ్జంలో పెట్టినా మోచేతి దాకా జారుతోంది.

తాగుడుకు లివరు చెడిపోయింది. డాక్టరు రెండే చెప్పాడు. తాగుడు పూర్తిగా మానాలి. తిండి ఒక్క పూట కూడా మానకూడదు.

మేం నెల రోజులుగా పత్యం పేరుతో కడుపు మాడ్చాం. పసిరికలకు ఆకు పసరు పోసినాయన చెప్పాడని చప్పటి అన్నం, మజ్జిగ తప్ప పెట్టలేదు. కడుపులో నీళ్లు చేరినప్పుడు ఉప్పు తగ్గించడం మంచిదేనట. పప్పు, గుడ్డు తీసేయడమే తప్పు. ఉన్న కండంతా కరిగిపోయింది. ఆ పత్యం వడ్డించింది నేనే.

రోజూ పొద్దున ఏదైనా రాయించమన్నారు. అక్షరం వంకరపోతే రోగం మెదడుకు పాకుతున్నట్టు గుర్తు. ఊరి గోడల మీద బోర్డులు రాసిన చెయ్యి అది. మా ఊరి అమ్మవారి పేరు, 'జోగులాంబ' అని రాయిస్తాను, ఈ నోటుబుక్కులోనే.

జనవరి 22

వదిన అడిగింది: "ఈతచెట్ల కింద అందరూ అదే కల్లు తాగిరి, రాత్రి అదే క్వార్టరు తాగిరి. ఈయనకే ఎందుకొచ్చె?"

ఏళ్ల తరబడి విపరీతంగా తాగేవాళ్లలోనూ లివరు గట్టిపడేది నూటికి పది ఇరవై మందికే. పుట్టుకతో వచ్చేది కొంత, తిండిది కొంత, పేగుల్లోని బ్యాక్టీరియాది కొంత. 2016లో ఫ్రాన్స్ పరిశోధకులు ఒళ్లంతా సూక్ష్మజీవులే లేని ఎలుకలకు రోగుల మలంలోని బ్యాక్టీరియాను ఎక్కించి, ఆల్కహాల్ పట్టారు. లివరు బాగా వాచిన రోగి బ్యాక్టీరియా ఎక్కిన ఎలుకల లివర్లే ఎక్కువ దెబ్బతిన్నాయి. తాగినా లివరు వాయని మనిషి బ్యాక్టీరియా అంత చెరుపు చేయలేదు.

వదినకు మన పాత మట్టిమిద్దె గుర్తుచేశాను. తాగుడుకు పేగు గోడ ఆ మిద్దెలా కారుతుంది. బ్యాక్టీరియా విషం ఆ సందుల్లోంచి రక్తంలోకి దిగుతుంది. పేగుల్లోంచి వచ్చే రక్తం ముందు పోయేది లివరుకే.

"అయితే మిద్దెకు చౌడు ఎయ్యాల," అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

జనవరి 26

రాత్రి తొమ్మిదికి జొన్నరొట్టె, గట్టి పప్పు. రొట్టె తుంచి పప్పులో నానబెట్టి పెట్టాను. జొన్నలోని పీచును పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ అనే పదార్థం పుడుతుంది. పేగు గోడ కణాలకు అదే ఆహారం. వదిన చౌడు ఇదే.

ఇంత రాత్రప్పుడు ఎందుకంటే, చెడిన లివరు చక్కెర దాచుకోలేదు. మామూలు మనిషి రెండు మూడు రోజులు పస్తుంటే ఎట్లా ఉంటుందో, ఇతనికి ఒక్క రాత్రి పస్తు అంత. తెల్లారేలోగా ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది.

"ఇంగ సాలు చెల్లె," అన్నాడు. ఇంకో సగం పెట్టాను.

ఫిబ్రవరి 2

నిన్న 'జోగు' దగ్గర ఆగిపోయాడు. తర్వాతంతా గీతలు. నన్ను అమ్మా అని పిలిచాడు. రెండు రోజులుగా విరేచనం కాలేదు, లాక్టులోజ్ సిరప్ తియ్యగా వెగటుగా ఉందని తాగకుండా దాచాడు. నేను చూసుకోలేదు. పేగుల్లో బ్యాక్టీరియా తయారుచేసే అమ్మోనియాను చెడిన లివరు శుభ్రం చేయలేదు, అది మెదడుకెక్కుతుంది. ఆ సిరప్ పని దాన్ని బయటికి తోసేయడం. రాత్రికి రాత్రే కర్నూలు. ఎనిమా ఇచ్చాక తెల్లారి నా పేరు పెట్టి పిలిచాడు.

ఇప్పుడు సిరప్ నా ముందే తాగాలి. రోజుకు రెండు మూడుసార్లు విరేచనం కావాలి. ఆ లెక్క ఈ పుస్తకంలోనే.

ఫిబ్రవరి 8

2017లో ఢిల్లీలోని లివరు ఆసుపత్రి ఐఎల్‌బీఎస్ డాక్టర్లు, తాగుడుతో లివరు బాగా వాచి, స్టెరాయిడ్లు ఇవ్వడానికి వీల్లేని 8 మందికి ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను గొట్టం ద్వారా పేగుల్లోకి పంపారు. ఏడాదికి 7 మంది బతికే ఉన్నారు. చిన్న ప్రయత్నమే, అందరికీ చేసే వైద్యం కాదు. అయినా చదివి ఏడ్చాను.

సాయంత్రం పాత దోస్తు ముంతతో వచ్చాడు. "పొద్దున గీసింది, తియ్యటిదే," అన్నాడు. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన ముంతను ఆయన చేతికే తిరిగిచ్చి పంపింది.

ఫిబ్రవరి 15

'జోగులాంబ' మొత్తం రాశాడు. 'లా' దీర్ఘం కొంచెం వణికింది. చూసుకుని, కొట్టేసి, కింద మళ్లీ రాశాడు. వాచీ ఇంకా జారుతూనే ఉంది, మోచేతి దాకా మాత్రం పోవడం లేదు.

జొన్నపిండి రేపటికి చాలదు. పొద్దునే మరకు పోవాలి.