ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు

విశ్వాసం అనగానే మనకు పెద్ద పెద్ద సంగతులే గుర్తొస్తాయి. ఎర్రసముద్రం రెండుగా విడిపోవడం, యెరికో గోడలు కూలడం, సింహాల గుహలో దానియేలు. ఆదివారం ప్రసంగంలో వింటున్నంతసేపూ ఒళ్లు పులకరిస్తుంది. సోమవారం పొద్దున లేచేసరికి మన ముందుండేవి వేరే. గ్యాస్ ఎప్పుడైపోతుందో, పాలవాడి లెక్క ఎంతైందో, పిల్లల ఫీజుకి ఆఖరి తేదీ ఎప్పుడో. మన వంటింట్లో సముద్రాలేమీ ఉండవు. మరి దేవుణ్ణి నమ్మడమంటే ఆ సోమవారం నాడు మనం ఏం చేయాలి?

నాకు తెలిసిన జవాబు మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఆవిడ ఐదో తరగతి దాకా చదువుకుంది. ప్రసంగాలు చేయలేదు, కూడికల్లో లేచి సాక్ష్యం చెప్పమన్నా సిగ్గుపడేది. కానీ ఒక్క పూట కూడా తప్పకుండా ఒక పని చేసేది. బియ్యం కొలిచి గిన్నెలో పోసుకున్నాక, కడిగే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేది. పెదవులు ఒక్క క్షణం కదిలేవి. తర్వాత కుళాయి తిప్పేది. అంతే.

మీలో చాలామందికి ఈ పిడికెడు బియ్యం సంగతి తెలిసే ఉంటుంది. మీ అమ్మమ్మలో నాయనమ్మలో చేసే ఉంటారు. మేముండేది ఖమ్మంలో. అత్తమ్మ పుట్టిల్లు డోర్నకల్ దగ్గర పల్లె. ఆ ప్రాంతంలో ఇది కొత్త ఆచారం కాదు. తిరునెల్వేలి నుంచి వచ్చిన అజరయ్య గారు 1912లో డోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలికి వెళ్లే మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. చేతిలో డబ్బు ఆడేది తక్కువ. అయినా ఇవ్వడం అనేది ఉన్నవాళ్ల పని మాత్రమే కాదని ఆయన గట్టిగా నేర్పారు. అలాంటి ఇళ్లలో ఆడవాళ్లు వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పెట్టేవారు. అక్కడెక్కడో మిజోరంలో కూడా క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారు. వాళ్ల పిడికెళ్ల మీద ఎంతోమంది మిషనరీలు సేవ చేస్తున్నారు.

ఇందులో ఆడవాళ్లకే తెలిసిన సంగతి ఒకటుంది. మనలో ఎంతోమందికి సొంత సంపాదన లేదు. చర్చిలో కానుక సంచి తిరిగినప్పుడు మనం వేసే నోటు ఆయన జేబులోంచి తీసి మన చేతిలో పెట్టిందే. కానీ బియ్యం కొలిచే గ్లాసు మన చేతిలో ఉంటుంది. ఆ పూటకి ఎంత వండాలో మనమే చూసుకుంటాం. ఆ ఒక్క చోట మనం ఎవర్నీ అడగకుండా దేవునికి ఇవ్వగలం. మా అత్తమ్మ జీవితంలో బ్యాంకు పుస్తకం ఎరగదు. దేవునితో మాత్రం ఆవిడకి సొంత లెక్క ఉండేది.

ఒకసారి సరదాకి నా పిడికెడు తూచాను. 40 గ్రాములు వచ్చింది. రెండు పూటలకీ 80. నెలకి 2 కిలోల 400 గ్రాములు. మా స్త్రీల మైత్రిలో 30 ఇళ్లవాళ్లం ఇస్తాం. అంటే నెలకి 72 కిలోలు. ఏ ఇంట్లోనూ ఆ పూట అన్నం తక్కువైందని ఎవరూ అనుకోరు. కానీ ముగ్గురో నలుగురో ఒంటరి ముసలమ్మలకి నెల గడిచిపోతుంది.

కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను అత్తమ్మని అడిగాను. "రోజూ ఈ లెక్కెందుకు అత్తమ్మా, నెల మొదట్లో బస్తా విప్పగానే మూడు కిలోలు తీసి పెట్టేస్తే సరిపోతుంది కదా" అని. ఆవిడ నవ్వింది. "బస్తాలోంచి తీస్తే అది బస్తా ఉన్న రోజుల్లోనే అయితది బిడ్డా. గిన్నెలోంచి తీయాలె. వండిన రోజు తీస్తం, వండని రోజు తీయం. రేపటి పిడికెడు రేపటిది" అంది.

ఆ మాట చాలా ఏళ్ల తర్వాత నిర్గమకాండము 16వ అధ్యాయం చదువుతుంటే మళ్లీ వినిపించింది. అరణ్యంలో మన్నా కురిసినప్పుడు దేవుడు ఏ రోజుకి ఆ రోజే ఏరుకోమన్నాడు. మనిషికి ఒక ఓమెరు. తెల్లారేదాకా దాచుకున్నవాళ్ల మన్నా పురుగు పట్టింది, కంపు కొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు, అది చెడలేదు. నలభై ఏళ్లు అదే వరస. నలభై ఏళ్లకి సరిపడా ధాన్యం ఒకేసారి ఇవ్వగల దేవుడే ఆయన. కానీ అలా ఇస్తే వాళ్లు గోదాము వైపు చూసేవారు. రోజూ ఇచ్చాడు కాబట్టి రోజూ ఆకాశం వైపు చూశారు.

ఇక మా ఇంటి సంగతి. మావారు ఒక ప్రైవేటు సంస్థలో పని చేసేవారు. ఒక ఏడాది వేసవిలో జీతం ఆగిపోయింది. వచ్చే వారం అన్నారు, వచ్చే నెల అన్నారు. అలా నాలుగు నెలలు. పిల్లలిద్దరికీ బడి తెరిచే సమయం. అత్తమ్మకి బీపీ, షుగరు మాత్రలు. నా గొలుసు తాకట్టులోకి వెళ్లింది. అది ఫీజులకీ మందులకీ సరిపోయింది. బియ్యం డ్రమ్ములో గ్లాసు ముంచితే అడుగు తగిలే చప్పుడు వినిపించడం మొదలైంది. ఆ చప్పుడు తెలిసినవాళ్లకి నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు.

మావారు ఒక రాత్రి అన్నారు, "కొన్నాళ్లు ఆ డబ్బా పక్కన పెట్టకూడదా? దేవుడేమీ అనుకోడులే" అని. ఆయన కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ మంచం మీదనుంచే అంది, "మూడు గ్లాసులు పోసేకాడ రెండు పొయ్యి. పిడికెడు చిన్నగ పట్టు. కానీ తియ్యి. అది ఆపినమంటే ఇంక ఇచ్చేటోడు లేడని మనమే తీర్పు చెప్పినట్టు."

అప్పటి నుంచి నేను పిడికిలి చిన్నగా పట్టాను. కానీ తీశాను.

ఇక్కడ మీరు ఒక అద్భుతం కోసం ఎదురు చూస్తున్నారేమో. డ్రమ్ము నిండలేదు. ఆగిన జీతంలో సగం ఇప్పటికీ రాలేదు. చాలామంది సాక్ష్యాల్లో చివరికి అన్నీ రెండింతలు వస్తాయి, విని సంతోషిస్తాం. కానీ బైబిల్లోనే రెండు రకాల కథలున్నాయని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. రెండు కథల్లోనూ ఒక విధవరాలు ఉంటుంది, ఇంట్లో కొంచెం నూనె ఉంటుంది. రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఎలీషా ఇరుగుపొరుగు దగ్గర గిన్నెలు అడిగి తెచ్చుకోమంటాడు. నూనె అన్నింటినీ నింపుతుంది. ఆమె అమ్ముకుని అప్పు తీర్చేస్తుంది. ఒక్క రోజులో కష్టం గట్టెక్కింది.

మొదటి రాజుల గ్రంథం 17లో సారెపతు విధవరాలి కథ అలా కాదు. కరువు రోజులు. ఆమె రెండు పుల్లలు ఏరుకుని, ఉన్న పిడికెడు పిండితో ఆఖరి రొట్టె చేసుకుని కొడుకుతో కలిసి తిని చనిపోదామనుకుంటుంది. ఏలీయా వచ్చి ముందు తనకి చిన్న అప్పం చేసి పెట్టమంటాడు. పిండి తక్కువ కాదు, నూనె అయిపోదు అని దేవుని మాట చెబుతాడు. ఆమె అలాగే చేసింది. ఆ తొట్టి నిండి పొర్లినట్టు ఎక్కడా లేదు, అయిపోలేదని మాత్రమే ఉంది. ప్రతి పొద్దునా ఆమె చెయ్యి అదే తొట్టి అడుగుకి వెళ్లి ఉంటుంది. ప్రతి పొద్దునా ఆ రోజుకి సరిపడా దొరికి ఉంటుంది. మరుసటి రోజుకి ఉందని చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు, ఒక్క మాట తప్ప. పైగా అదే అధ్యాయంలో ఆమె కొడుకు జబ్బు చేసి చనిపోతాడు. దేవుడు తిరిగి బతికించాడు, నిజమే. కానీ పిండి అయిపోకుండా చూసిన దేవుని ఇంట్లో కూడా కన్నీళ్లు వచ్చాయి. మనలో ఎక్కువమందిమి ఈ సారెపతు అమ్మలాగే బతుకుతున్నాం. మనది తక్కువ విశ్వాసమేమీ కాదు.

నాలుగో నెలలో ఒక సాయంత్రం మా సంఘం అమ్మగారు వచ్చారు. వెనక ఆటోలో ఒక సంచి. పది కిలోల బియ్యం. "ఈ నెల పిడికెళ్లలో మీ ఇంటి వాటా" అన్నారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ నేను ఇచ్చేవాళ్ల వరసలో ఉన్నాను. ఆ బియ్యం ఎవరి కోసమో నాకు తెలుసు. ఒంటరి ముసలమ్మల కోసం, మంచాన పడ్డవాళ్ల కోసం. ఇప్పుడు నా గడపలో ఉంది. అత్తమ్మ లోపలి నుంచి గట్టిగా అంది, "తీసుకో బిడ్డా. ప్రభువు పంపిండు, అమ్మగారు మోసుకొచ్చింది. ఇద్దరినీ వాకిట్ల నిలబెడ్తవా?"

ఆ బియ్యం వండినవాళ్లకే తెలుస్తుంది. ముప్ఫై ఇళ్ల బియ్యం. సన్నాలు, లావు రేషను బియ్యం, పాతవి, కొత్తవి, అన్నీ కలిసిపోయి. ఎంత చూసి ఎసరు పెట్టినా కొత్తవి ముద్దవుతాయి, పాతవి పలుకుగా మిగులుతాయి. మా చిన్నది కంచంలో వేళ్లతో కెలుకుతూ "అమ్మా, ఈ అన్నం ఒక్కో మెతుకు ఒక్కోలా ఉందేంటి?" అంది. ఒక్కో మెతుకు ఒక్కో ఆంటీ ఇంటి నుంచి వచ్చిందని చెప్పాను. అది పేర్లు పెట్టుకుంటూ తినేసింది. నేను మాత్రం ఆ పూట సరిగ్గా మింగలేకపోయాను. కన్నీళ్లడిగినప్పుడల్లా దేవుడు పైనుంచి ఏదో దించుతాడనుకుంటాం. ఆయన ఎన్నో రోజుల ముందు నుంచే ముప్ఫై వంటిళ్లలో, ముప్ఫై మంది ఆడవాళ్ల చేతుల మీదుగా, మాకు ఒక్కొక్క పిడికెడు పోగు చేస్తూ ఉన్నాడు. అందులో నా పిడికెడు కూడా ఉంది.

మర్నాడు పొద్దున ఆ కలగాపులగం బియ్యంలోంచి కూడా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేశాను. ఆ తర్వాతి నెల మావారికి ఒక దుకాణంలో లెక్కలు చూసే పని దొరికింది. పాత జీతం కంటే తక్కువే. అయినా ఒకటో తారీకుకి వస్తుంది. గొలుసు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. అత్తమ్మ అది చూసే వెళ్లింది ప్రభువు దగ్గరికి.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. దేవునికింత వేయి, నూరంతలు తిరిగొస్తుంది అని బేరం లాగా చెప్పేవాళ్లుంటారు. అప్పు చేసి కానుకలిమ్మని ఒత్తిడి పెట్టేవాళ్లూ ఉంటారు. పేద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతి మనం తరచూ వింటాం. మార్కు సువార్త 12లో దానికి సరిగ్గా ముందు వచనాలు కూడా చదవండి. విధవరాండ్ర ఇళ్లు మింగేసేవాళ్లని యేసుప్రభువు అక్కడ గట్టిగా హెచ్చరిస్తాడు. పిడికెడు బియ్యం బేరం కాదు. తీసినందుకు ఇంకేదో రావాలని తీయం. ఈ పూట గిన్నెలో బియ్యం ఉన్నాయి కాబట్టి తీస్తాం. అది ముందు కృతజ్ఞత, తర్వాతే కానుక.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. మూత గట్టిగా ఉన్న పొడి డబ్బా తీసుకోండి, అడుగున ఎండిన వేపాకో రెండు ఎండుమిరపకాయలో వేయండి. నూకలు కాదు, మీరు తినే బియ్యమే వేయండి. గిన్నెలోంచి తీయండి, బస్తాలోంచి కాదు. నెల నెలా ఖాళీ చేసేయండి, దాచిపెడితే మన్నా లాగే పురుగు పడుతుంది. మీ సంఘంలో ఈ ఏర్పాటు లేకపోతే మీ వీధిలోనే ఎవరో ఒకరుంటారు. తీసేటప్పుడు పెద్ద ప్రార్థన అక్కర్లేదు. ఆ పూట మీ మనసులో ఏది బరువుగా ఉందో, కొడుకు పరీక్షో, ఆయన ఉద్యోగమో, డాక్టరు చెప్పిన రిపోర్టో, దాన్ని ఒక్క మాటలో ఆయనకి చెప్పి వేయండి. ఆ పూటది మాత్రమే చెప్పండి. సాయంత్రం మళ్లీ బియ్యం కొలుస్తారు కదా, మిగిలింది అప్పుడు చెప్పుకోవచ్చు.