పరుగెత్తి పాలు త్రాగవలసిన పిల్లలు

పరుగెత్తి పాలు త్రాగేకంటె నిలబడి నీళ్లు త్రాగడం మేలని మన పెద్దలన్నారు. పెద్దల మాట చద్దిమూట. కాని పరుగెత్తితేనే గాని పాలూ లేవు, నీళ్లూ లేవు అనుకొనే పిల్లలు కొందరు ఇప్పుడు మన యిళ్లలో ఉన్నారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, బూట్లు బిగించుకొని, వీధికుక్కలను నిద్ర లేపుతూ బయలుదేరే ఈ కుర్రవాళ్లను ఏ ఊరిలోనైనా చూడవచ్చు. సైన్యంలో చేరాలని వారి కోరిక. వీరిలో ఎందరినో సగం దారిలో నిలబెట్టేది మోకాలికి దిగువ, పిక్కకు ముందుండే ఎముక. ఆ ఎముక నొప్పితో మా యింట గడిచిన ఒక యేడాదిని గురించి, ఇటువంటి పిల్లలున్న యిళ్లకు పనికివస్తుందని, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది గంజాం జిల్లా బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మా ఊరు మద్రాసు రాజధానిలోనిదే. ఏలుబడి మారినా మా యింటి భాష మారలేదు. పటాలమంటే ఉన్న గౌరవమూ తగ్గలేదు. 1758లో మొదలైన మద్రాసు రెజిమెంటులోను, బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్లలోను తెలుగువారు తరతరాలుగా కొలువు చేసినారు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఊరిని మిలిటరీ మాధవరమనే పిలుస్తారంటే ఆ సంబంధం ఎంతటిదో తెలుస్తుంది. మా వంశంలో మాత్రం ఆ వైపు మొదట చూచినవాడు మా చెల్లెలి కొడుకు. మా యింట ఉండే ప్లస్‌టూ ముగించినాడు.

2022లో అగ్నిపథ్ పథకం వచ్చినప్పటినుండి అతనికి వేరే ధ్యాస లేదు. నాలుగేండ్ల కొలువు, ఆ పిమ్మట నూటికి ఇరవై అయిదుగురికి మించకుండా స్థిరమైన ఉద్యోగం. 2023 నుండి మొదట కంప్యూటరు మీద వ్రాతపరీక్ష పెట్టి, అందులో నెగ్గినవారినే మైదానానికి పిలుస్తున్నారు. అక్కడ 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకండ్లలోపల పరుగెత్తితే 60 మార్కులు. ఆపైన 5 నిమిషాల 45 సెకండ్లలోపలయితే 48. పది పుల్లప్‌లు తీస్తే 40 మార్కులు. తొమ్మిదడుగుల గుంత దూకాలి, వంకరటింకర దూలం మీద తూలకుండా నడవాలి. పరుగును లెక్క వేసుకొంటే 400 మీటర్ల చుట్లు నాలుగు, చుట్టుకు 82 సెకండ్లు. పదిహేను సెకండ్ల ఆలస్యానికి పన్నెండు మార్కులు పోతవి. పిల్లలు ప్రాణం పెట్టి పరుగెత్తడంలో వింత లేదు.

మావాడు మైదానంలో చేరిన మొదటి వారం రోజుకు రెండు కిలోమీటర్లు పరుగెత్తినాడు. నాలుగవ వారానికి అది ఎనిమిదయినది. ఆదివారాలు గోపాలపూర్ సముద్రపుటొడ్డున ఇసుకలో అదనపు పరుగు. ఊపిరి కుదిరినది, తొడలు గట్టిపడినవి, చుట్టుకు పట్టే కాలం తగ్గినది. సరిగా అప్పుడే రెండు కాళ్లలోను ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి మొదలయినది. మొదట పరుగు ఆరంభంలో ఉండి, ఒళ్లు వేడెక్కగానే పోయేది. తరువాత పరుగు ముగిసినా పోలేదు. ఆ తరువాత మేడమెట్లు దిగేటప్పుడు కూడ వచ్చినది. అతడు ఎవరికీ చెప్పలేదు. మెట్లు ప్రక్కవాటుగా దిగుతున్నాడని కనిపెట్టినది మా అమ్మ.

“ఏం నాయనా, కాలికేమయింది?”

“ఏం లేదమ్మమ్మా, నిన్న కొంచెం ఎక్కువ పరుగెత్తాను.”

“నిన్న పరుగెత్తిన కాలు ఇవాళ మెట్టు దిగనంటోందా? ఇలా వచ్చి కూర్చో.”

నువ్వులనూనె వెచ్చచేసి రాయబోతే, వ్రేలు తగలగానే కాలు వెనక్కు లాక్కున్నాడు. నొప్పిని ఎందుకు దాచినావని అడిగితే, మైదానంలో శిక్షణ ఇచ్చే ఆయన అందరి యెదుట అన్న మాట చెప్పినాడు: “కాలినొప్పికి జడిసేవాడు రేపు తుపాకి ఏం పడతాడు?” ఆ మాట పడిన తరువాత ఏ కుర్రవాడు నోరు తెరుస్తాడు?

అదే మైదానంలో మా వీధి కుర్రవాడొకడున్నాడు. తండ్రి మగ్గం నేస్తాడు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు. ఈ కుర్రవానికి కుడికాలిలో ఒక్కచోటనే నొప్పి. రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చేది కాదు. మందులషాపులో నొప్పి మాత్రలు కొని వేసుకొని పరుగెత్తినాడు. మాత్రలు నొప్పిని కప్పినవి గాని ఎముకను అతకలేదు. ర్యాలీకి పదిహేను రోజులుందనగా, పరుగుపందెంలో మూడవ చుట్టు తిరుగుతూ కూలబడినాడు. సన్నని పగులు పూర్తి విరుగుడయినది. సిమెంటు కట్టు వేసినారు. మూడు నెలలు ఊతకర్రల మీద నడిచినాడు. ఆ యేటి పిలుపు పోయినది. వయసు మీరడం వలన మళ్లీ పిలుపు రాలేదు. వాళ్ల నాన్న మా అరుగుమీద కూర్చొని, “బాబూ, వాడికి బలముంది, చెప్పేవాడే లేకపోయాడు” అన్నాడు. ఆ మాట మా యింట అందరికీ తగిలినది.

మరునాడే మావాణ్ణి ఎముకల డాక్టరుగారి వద్దకు తీసికొనిపోయినాము. ఆమె కాలంతా వ్రేలితో నొక్కి చూచి, ఒంటికాలిమీద గెంతమని, నొప్పి ఎంత మేర ఉన్నదో గీత గీయమని అడిగినారు. తరువాత మాకు అర్థమయ్యేటట్లు చెప్పినారు. ఎముకను మనం రాయి అనుకొంటాము. అది జీవమున్న వస్తువు. పరుగులో కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు పడతవి. పడిన ప్రతిసారి ఒంటి బరువుకు రెండు మూడింతల తాకిడి కాలికి తగులుతుంది. ఆ తాకిడికి తగినట్లు ఎముక తనను తాను మళ్లీ కట్టుకొంటుంది. ఇల్లు బాగుచేసేటప్పుడు ముందు పాత పూత గీకి, ఆ తరువాతనే కొత్త పూత వేస్తాము గదా! ఎముకలోను అంతే. పాతదానిని తొలిచే కణాలు ముందు వస్తవి. కొత్తదానిని కట్టే కణాలు వెనుక వస్తవి. తొలవడం వారాల పని, కట్టడం నెలల పని. ఈ మధ్యకాలంలో ఎముక మునుపటికంటె బలహీనంగా ఉంటుంది. ఊపిరీ కండా ముందే సిద్ధమై, “ఇంకా పరుగెత్తు” అని తొందరచేసేది సరిగా ఈ కాలంలోనే.

ఇది నేటి పిల్లల సుకుమారమని ఎవరైనా అనుకొంటే పొరబాటు. 1855లోనే ప్రష్యా సైన్యంలోని బ్రైట్‌హౌప్ట్ అనే వైద్యుడు, దూరపు నడకలు నడిచిన సైనికుల పాదాలకు వచ్చే వాపునూ నొప్పినీ వర్ణించి వ్రాసినాడు. అవి పాదపుటెముకలలోని సన్నని పగుళ్లని తరువాత ఎక్స్‌రే వచ్చినాక తెలిసినది. దెబ్బ తగలకుండానే, పదేపదే పడిన బరువుకు ఎముక పగులుతుందని లోకానికి చెప్పినది పటాలమే. అటువంటప్పుడు నొప్పి ఉన్నవాడు పటాలానికి పనికిరాడనడం ఏమి న్యాయం?

కాలినొప్పులన్నీ ఒక్కటి కావు. డాక్టరుగారు చెప్పిన ఆనవాళ్లు ప్రతి యింటా తెలిసి ఉండవలసినవి. ఎముక లోపలి అంచు వెంబడి నాలుగైదు వ్రేళ్ల మేరనో, అంతకు మించియో పరచుకొన్న నొప్పి, విశ్రాంతికి తగ్గేది, షిన్ స్ప్లింట్స్. మావానిది ఇదే. అలా కాక ఒక్కచోటనే, వ్రేలితో చూపగలిగినట్లు ఉండి, రాత్రి పడుకొన్నా సలిపి, ఒంటికాలిమీద గెంతితే ప్రాణం పోయినట్లుండే నొప్పి స్ట్రెస్ ఫ్రాక్చర్, అనగా పగులు, కావచ్చును. అప్పుడు వెంటనే పరుగు మానాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. అంతమాత్రాన లేదనుకోకూడదు, ఎమ్మారై తీస్తే తెలుస్తుంది. ఎముక ముందరి అంచున పడే పగులు మరీ మొండిది. ఇక పరుగెత్తుతుండగా పిక్క బిగుసుకొనిపోయి, పాదం తిమ్మిరెక్కి, ఆగిన కొంతసేపటికి సర్దుకొంటే అది కండరాల పొరలలో ఒత్తిడి పెరగడం వలన కావచ్చు. దానినీ డాక్టరే చూడాలి.

మావానికి ఆరు వారాల ఏర్పాటు చెప్పినారు. మొదటి రెండు వారాలు పరుగు పూర్తిగా బందు. సైకిలు త్రొక్కవచ్చు, ఈదవచ్చు. నొప్పి ఉన్నచోట గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పది పదిహేను నిమిషాలు పెట్టుకోవాలి. ఎముకమీద గట్టిగా మర్దన చేయరాదు. మెట్టు అంచున నిలబడి మడమలెత్తి దించడం రోజూ చేయాలి; పిక్క బలపడితే ఎముకమీది భారం తాను కొంత మోస్తుంది. నడకలో నొప్పి లేదనుకొన్న తరువాత, ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, అదీ రోజు విడిచి రోజు. దూరమూ వేగమూ ఒకేసారి పెంచరాదు. ముందు దూరం, తరువాతనే వేగం. అరిగిన బూట్లు మార్చాలి. సిమెంటు రోడ్డు కంటె మట్టిబాట మేలు.

చెప్పడం తేలిక, పాటించడం కష్టం. మొదటివారం అతడు నాలుగింటికే లేచి, తోడివాళ్ల అడుగుల చప్పుడు వింటూ వాకిట్లో కూర్చొనేవాడు. “మామయ్యా, వాళ్లు రోజుకు రెండు సెకండ్లు తగ్గిస్తుంటే నేను కాళ్లకు మంచు పెట్టుకుంటున్నాను” అన్నాడు. అప్పుడు మార్కుల కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాము. పుల్లప్‌లకు నలభై మార్కులున్నవి. వాటికి కాళ్లతో పని లేదు. అతనికి అప్పటికి వచ్చేవి ఆరే. పెరటి తలుపు దగ్గర ఇనుపగొట్టం బిగించినాము. ఆరు వారాలలో ఆరు పది అయినవి. తెల్లవారుజామున పరుగుకు పోయే వేళ వ్రాతపరీక్ష లెక్కలకు వచ్చినది. కాళ్లు ఊరకున్నవి గాని పిల్లవాడు ఊరకుండలేదు. అతని ముఖం తేరుకొన్నది కూడ అప్పుడే.

మా అమ్మ నూనెసీసా లోపల పెట్టి, చోళ్ల అంబలి మొదలుపెట్టినది. నూరు గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నదని డాక్టరుగారు చెప్పగా, “మా అత్తగారు చదువుకోకుండానే పోసేది” అన్నది. ఎముక కట్టుకు కాల్షియంతోబాటు డి విటమినూ కావాలి. చీకటితో పరుగెత్తి, పగలంతా కోచింగు గదిలో కూర్చొనే పిల్లలకు ఎండ తగలదు. రోజూ కొంతసేపు ఎండలో ఉండటం, కడుపునిండా తినడం, కంటినిండా నిద్రపోవడం కూడ శిక్షణలోనివే.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. సైనిక పోలీసు విభాగంలో స్త్రీలను జవానులుగా తీసికోవడం 2019లో మొదలయినది. 83 మంది తొలి జట్టు 2021లో బెంగుళూరులో శిక్షణ ముగించినది. మన యిళ్లలోను ఇప్పుడు ఆడపిల్లలు పరుగెత్తుతున్నారు. సైనిక శిక్షణలో ఇటువంటి పగుళ్లు వారికి మరింత ఎక్కువ. పరుగుకు తగినంత తినకపోతే నెలసరి తప్పుతుంది. నెలసరి తప్పితే ఎముక పలచబడుతుంది. తల్లులు దీనిని సిగ్గుపడే సంగతిగా తోసిపుచ్చక, డాక్టరును అడగవలసిన సంగతిగా తీసికోవాలి.

ర్యాలీనాడు మావాడు 5 నిమిషాల 41 సెకండ్లలో ముగించినాడు: 48 మార్కులు. పుల్లప్‌లు పది: 40 మార్కులు. కాళ్లలో నొప్పి లేదు. ఎంపిక జాబితాలో పేరూ లేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. మూడవనాడు తానే వచ్చి, “వయసు ఇంకొక్క యేడుంది. ఈసారి తొమ్మిది నెలల ముందునుంచే మెల్లగా మొదలుపెడతాను” అన్నాడు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులే పరుగు. తక్కిన రోజుల్లో సైకిలు మీద మగ్గాల వీధి మీదుగా పోతాడు. కట్టు విప్పిన ఆ కుర్రవాడు ప్రక్కనే ఇంకొక సైకిలు మీద. పోలీసు ఉద్యోగానికి తన వయసు సరిపోతుందని ఇతడూ మెల్లగా కాలు కుదుర్చుకొంటున్నాడు.

ఉద్యోగం వస్తుందో రాదో మన చేతిలో లేదు. చేరవలసినవారు వేలు, చోట్లు కొద్ది. కాని పిల్లవాడు ఒకపూట పరుగు మానితే వానిని సోమరి అనకుండా ఉండటం మన చేతిలో ఉన్నది. మైదానంలో చెప్పుకోలేని నొప్పి ఇంటిలోనైనా చెప్పుకోగలగాలి. పిల్లలు మెట్లు ఎలా దిగుతున్నారో పెద్దలు ఒక కంట చూస్తుండాలి. అడగకుండా ఎవరూ చెప్పరు. అడిగే తీరున అడిగితే చెప్తారు.