దాదీమా షీర్ ఖుర్మా

పోయిన ఈద్ నాడు ఒక్క కటోరా షీర్ ఖుర్మా మా ఇంట్లో అందరినీ ఏడిపించింది. మా సాస్ ఎప్పటిలాగే ఫజర్‌కు ముందే లేచి నెయ్యిలో సేవయ్యాఁ వేయించింది. మగవాళ్లు ఈద్గాహ్ నుంచి రాగానే మొదటి కటోరా తొమ్మిదేళ్ల మా బేటీ చేతికిచ్చింది. బేటీ నా మొహం చూసి, "నక్కో దాదీమా" అంది. ఆమె నావైపు తిరిగి, "ఏందమ్మా, నా చేతి ఖుర్మా హరామ్ అయిందా?" అని అడిగింది. ఏం జవాబు చెప్పను!

రంజాన్ మొదట్లోనే రిపోర్ట్ వచ్చింది. సీలియాక్. అంతకుముందు రెండేళ్లు కడుపునొప్పి, విరేచనాలు. ఎన్ని సీసాల ఐరన్ సిరప్ తాగించినా రక్తం పెరగలేదు. క్లాసులో అందరికన్నా పొట్టి. నజర్ తీశాం, దమ్ చేయించాం, పురుగుల మందు వేశాం. చివరికి ఒక డాక్టర్ సాబ్ టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. తర్వాత ఎండోస్కోపీ చేసి చిన్నపేగు లోపలి ముక్క తీసి పరీక్షకు పంపారు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే, ఈ జబ్బు ఉన్నవాళ్ల ఒంట్లోని రక్షణ శక్తే పేగు గోడను దెబ్బతీస్తుందట. తిన్నది ఒంటికి పట్టదు. దవా లేదు, ఉమ్రంతా పర్హేజ్ ఒక్కటే ఇలాజ్ అన్నారు.

పిల్ల కమ్జోర్‌గా ఉందని, తాఖత్ రావాలని రోజూ రెండు చపాతీలు ఎక్కువ పెట్టింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక మాట. మీ పిల్లల్లో ఎవరికైనా ఇలాంటి షక్ ఉంటే, పరీక్షకు ముందే రొట్టె మానిపించకండి. గోధుమ మానేశాక చేస్తే రిపోర్ట్ తప్పుగా రావచ్చు. ఇది ఖాన్‌దాన్‌లో నడిచే జబ్బు, అందుకే మా పెద్దవాడికీ రక్తపరీక్ష చేయించాం. అల్‌హందులిల్లాహ్, వాడికి లేదు.

వంటింట్లో మొదలుపెడితే గోధుమ లేని డబ్బా కనిపించలేదు. ఆటా, మైదా, బొంబాయి రవ్వ సరే, తెలిసినవే. ఇంగువ పొడిలోనూ గోధుమపిండి కలుపుతారని డబ్బా వెనక చదివితేగానీ తెలియలేదు. సోయా సాస్‌లోనూ అంతే. తల్బీనా సున్నత్ కదా, కడుపుకు మంచిదని చేద్దామనుకున్నా. అదీ బార్లీయే. ఇప్పుడు ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉందో లేదో చూస్తాం. మన దేశం చట్టం ప్రకారం అలా రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. బేటీకి తవా, చక్లా-బేలన్, కర్ర గరిటె వేరే కొన్నాం. సమోసాలు వేయించిన నూనెలో ఆమెకు పకోడీ కూడా వేయం. గిర్నీలో గోధుమలు పట్టిన రాళ్ల మీదే జొన్నలూ పడతారు కాబట్టి, జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీ పడుతున్నా. చేతులు పడిపోతాయి, ఝూట్ ఎందుకు చెప్పాలి.

ఇదంతా ఆసానే. "కొంచెం తింటే ఏమైతది" అనేవాళ్లతోనే ముష్కిల్. మెహమాన్‌నవాజీ మన రగ్ రగ్‌లో ఉంది. పెట్టింది వద్దంటే పెట్టినవాళ్ల దిల్ విరుగుతుంది. ఈద్ మూడో రోజు చుట్టాలింట్లో ఎవరో ప్యార్‌తో ఒక లుఖ్మీ చేతిలో పెట్టారు. పిల్ల కాదనలేక తినేసింది. ఆ రాత్రంతా వాంతులు. తల పట్టుకుని కూర్చున్నది మా సాసే. తెల్లారాక నాతో ఏమీ అనలేదు. మిగిలిన సేవయ్యాఁ ప్యాకెట్లు పక్కింటికి పంపేసింది.

తర్వాత తనే జొన్నపిండి ముందేసుకుంది. నేను చేస్తే రొట్టె అంచులు పగిలిపోయేవి. "మరిగే నీళ్లు పొయ్యాలె. ఇది గోధుమ లెక్క సాగది, చెయ్యితోనే తట్టాలె" అంది. ఆమె బచ్‌పన్‌లో ఊళ్లో జొన్నరొట్టే రోజూ తిండి, గోధుమరొట్టె మెహమానొస్తేనే. గరీబీ గుర్తొస్తుందని ఇన్నేళ్లూ ఆ పిండి ఇంట్లోకి రానివ్వలేదట. ఇప్పుడు రాత్రి దస్తర్‌ఖాన్ మీద అందరికీ అదే. ఒక్క పిల్లకే వేరే కంచం పెట్టడం ఆమెకు నచ్చలేదు.

హలీమ్ జొన్నరవ్వతో చేశాం. రవ్వ రాత్రే నానబెట్టాలి. రుచి వచ్చింది, ఆ లేస్ మాత్రం రాలేదు. బియ్యం సేమియాతో షీర్ ఖుర్మా రెండుసార్లు ముద్దయింది. పాలు, ఖర్జూరాలు విడిగా మరిగించి, సేమియా ఆఖర్న వేసి వెంటనే దింపితే మూడోసారి కుదిరింది.

పోయిన నెల ఒక వలీమాకు వెళ్లాం. మా సాస్ నేరుగా దేగ్‌ల దగ్గరికి నడిచి, "బిర్యానీల వేసిన ఉల్లిగడ్డకు మైదా పట్టించినవా బేటా? సచ్ చెప్పు" అని బావర్చీని నిలదీసింది. ప్యాకెట్లలో తెచ్చినవి, తనకు తెలియదన్నాడు. ఆమె తిరిగొచ్చి, బిర్యానీ ముట్టకుండానే బేటీ టిఫిన్ డబ్బా తెరిచింది. జొన్నరొట్టె సగానికి తుంచి ఒక ముక్క తను తీసుకుంది.