అటక మీద బొంత

కాకినాడలో నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడకి ఏటా జనవరిలో రెండుసార్లు ఆయాసం ముంచుకొచ్చేది. భోగికి ముందోసారి, ముక్కనుమ వెళ్లాక ఇంకోసారి. చలి, మంచు, భోగిమంటల పొగ అనుకుని రెండేళ్లు పీల్చే మందు డోసు పెంచుతూ వచ్చాను. అంతకుముందు వేరేచోట, తెమడలో క్రిమి కనపడకపోయినా ఎక్స్‌రేలో మచ్చలు చూసి ఆరునెలలు టీబీ మందులు వాడించారు. ఆ మందులకి ఆవిడ చిక్కి సగమైంది తప్ప పిల్లికూతలు తగ్గలేదు.

మూడో ఏడు ఆవిడే చెప్పింది. "బొమ్మలు దింపినప్పుడూ, మళ్లీ సర్దినప్పుడూనే బాబూ ఇదంతా."

బొమ్మల కొలువు బొమ్మలుండేది అటక మీద. ఆ మాట నేను అడిగి రాబట్టాల్సింది. పరీక్ష చేయిస్తే రక్తంలో ఎలర్జీని సూచించే ఐజీఈ వెయ్యి దాటింది, ఆస్పర్జిల్లస్ అనే బూజుకి ఎలర్జీ తేలింది. ఈ జబ్బులో బూజు ఊపిరితిత్తుల్ని తినెయ్యదు. దాన్ని చూసి మన ఒళ్లు రేగిపోవడం వల్లే శ్వాసనాళాలు వాచి, జిగట కఫంతో పూడుకుపోతాయి. ఎక్స్‌రేలో అది అచ్చం టీబీలాగే కనిపించవచ్చు.

మందులు మొదలుపెట్టి, ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. పడకగది అటక తలుపు తీయగానే ముక్కిన వాసన గుప్పుమంది. బొమ్మలకి చుట్టిన పాత చీర మడతల్లో ఆవగింజలంత నల్లటి, పచ్చటి చుక్కలు. వెనక గోడమీద రంగు పొక్కులు లేచింది. వేలితో నొక్కితే సున్నం తడిపొడిగా రాలింది. సరిగ్గా దాని పైన, డాబా మీద నీళ్ల ట్యాంకు.

"ఏటా దులుపుతూనే ఉన్నామండీ, రంగు కూడా వేయించాం" అంది కోడలు.

దులపడమే ప్రమాదం. ఆ బూజు రేణువు రెండు మూడు మైక్రాన్లే ఉంటుంది, మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా కాదు. పొడిచీపురు తగిలితే గదంతా లేచి ఊపిరితిత్తుల అడుక్కి దిగుతుంది. చెమ్మగోడకి రంగు వేస్తే కొన్నాళ్లు మచ్చ కనపడదు, అంతే. ముందు నీరు ఆగాలి. ట్యాంకు పైపు బాగుచేయించి, శ్లాబు పగులు పూడ్పించి, గోడ పూర్తిగా ఆరేదాకా అటక ఖాళీగా తెరిచి ఉంచమన్నాను. తర్వాతే ఎన్95 మాస్కు కట్టుకుని, సబ్బునీళ్ల గుడ్డతో తుడవడం. బ్లీచింగు వాడితే దాంట్లో బాత్‌రూమ్ యాసిడ్ కలపొద్దని రెండుసార్లు చెప్పాను. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ పని జరిగినన్ని రోజులూ ఆవిడ కూతురింట్లో ఉండాలన్నాను.

అటక మీదున్న దూదిపరుపులు, దిండ్లు పారెయ్యక తప్పలేదు. దూది లోపలికి దిగిన బూజు ఉతికినా పోదు. మట్టిబొమ్మల్ని ఎండబెట్టి, తుడిచి, మూతలున్న డబ్బాల్లో పెట్టారు.

ఒక్క బొంత దగ్గరే ఆవిడ గొంతు మారింది. వాళ్లమ్మ చీరలతో కుట్టింది. "ఇదీనా బాబూ?" అంది. చీరలే కదా, వేడినీళ్లలో ఉతికించి నాలుగు రోజులు మంచి ఎండలో వేయించండి, వాసన పోతే ఉంచుకోండన్నాను.

వారం తర్వాత కోడలు ఫోన్ చేసింది. వాసన పోలేదట. అంచు దగ్గర, బూజు పట్టని జానెడు ముక్క కత్తిరించి, మళ్లీ ఉతికి, గాజు పటంలో బిగించి ఇచ్చిందట అత్తగారికి.