నిరీక్షణ

సూరతు నగరమునకును, తాపీనదికి ఆవలిగట్టున నున్న అడాజనుకును నడుమ 1877లో ఒక వంతెన కట్టిరి. దానికి హోప్ వంతెన యని పేరు. ఆంగ్లము కొంచెము తెలిసినవారు ఆ పేరు వినగానే, ఆశకు వంతెన కట్టిన మహానుభావు లెవరా యని మురిసిపోవుదురు. నిజమున కది యొక దొర యింటిపేరు. థియొడోర్ హోప్ అనునాతడు గుజరాతులో ఉద్యోగము చేసెను. బడిపిల్లలకు గుజరాతీ వాచకములు కూర్పించినవాడును ఆతడే. 'హోప్ వాచనమాళ' యను పేర ఆ పుస్తకములను పిల్లలు చాలకాలము చదివిరి. ఇప్పుడు నగరమునుండి అడాజనుకు పోవువారు వేరు వంతెనల మీదుగా పోవుచున్నారు. పేరు మాత్రము పెద్దవారి నోట నిలిచియున్నది.

2006 మే నెలలో ఒంగోలు ప్రాంతమునుండి అడాజనుకు వచ్చిన యొక వృద్ధుడు ఈ పేరును కుమారుని నోట విని నవ్వెను. భార్య పోయినపిదప ఆయన నవ్వుట అదియే మొదటిసారి యని కోడలు గుర్తు పెట్టుకొన్నది. ఆయన ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడు. నాలుగు తరములుగా క్రైస్తవ కుటుంబము. కుమారుడు హజీరాలోని యొక కర్మాగారమున ఇంజనీరు. అచ్చట పనిచేయు తెలుగువా రనేకులవలెనే అడాజనులో కాపురముండెను. ఇల్లు క్రింది యంతస్తులోనిది. తండ్రి మెట్లెక్కలేడని కోరి తీసికొన్న యిల్లు.

తెలుగు పంతులు కావున ఆయన మనస్సు మాటమీద నిలిచెను. తెలుగులో 'ఆశ' యనునది అంత మర్యాదగల మాట కాదు. పేరాశ, దురాశ, అత్యాశ యని దానికి చుట్టము లన్నియు చెడ్డవే. పెద్దలు ఆశను విడువుమనిరేగాని పట్టుకొనుమని చెప్పినది తక్కువ. అందువలననే కాబోలు, తెలుగు బైబిలు విశ్వాసమునకును ప్రేమకును నడుమ ఆశను కూర్చుండబెట్టక నిరీక్షణను కూర్చుండబెట్టినది. గుజరాతీ బైబిలులో ఆ చోటున ఆశయే యున్నది. నిరీక్షణ మనగా ఎదురుచూపు. పల్లెలో అక్షరము రాని క్రైస్తవ వృద్ధురాలు కష్టకాలమున 'నాకు నిరీక్షణ ఉన్నదయ్యా' యనును. తాను సంతోషముగా నున్నానని ఆమె చెప్పుట లేదు; వాకిట నిలిచి దారి చూచుచున్నానని చెప్పుచున్నది. ఎవరు వత్తురో ఆమెకు తెలియును. ఎప్పుడు వత్తురో తెలియదు.

ఈ గ్రంథమును తెలుగు చేయబూనిన తొలివారికిని ఎదురుచూపే దక్కినది. లండన్ మిషనరీ సంఘము పక్షమున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి యనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించిరి. వారును ఆనందరాయరును కలిసి తెలిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. దొరలిద్దరిలో ఒక్కడును ఆ పుటలను కన్నులార చూడలేదు. అదే సంఘము 1815లో స్కిన్నరు, ఫైవీ యనువారిని సూరతునకు పంపెను; గుజరాతీ బైబిలు పని వారిచేత సాగెను. తెలుగు గ్రంథము చేతబట్టుకొని సూరతు చేరిన పంతులుగారికి ఈ సంగతి తెలిసినపుడు, ఊరు కొంచెము దగ్గరయైనట్లు తోచినది.

అయినను ఆయన ఆ గ్రంథమును తెరచుట మానివేసి నాలుగు నెలలు కావచ్చెను.

నలువదియెనిమిదేండ్లు కాపురము చేసిన భార్య ఆ యేటి జనవరిలో పోయినది. సమాధి కార్యమునకు వచ్చినవారు ఆయన చేయి పట్టుకొని 'దేవుని చిత్తమండీ, మాస్టారూ' అనిరి. ఆమె మంచిచోటికి పోయినది, మీవంటివారు ఏడువరాదు అనిరి. ఆదరణ కూడికలో ఒక యువకుడు దుఃఖించువారికి విశ్వాసము చాలదన్నట్లు ముప్పావుగంట ప్రసంగించెను. ఇట్టి యోదార్పులో తొందర యెక్కువ. ఎదుటివాని కన్నీరు చూచి తనకు కలిగిన జంకును పోగొట్టుకొనుటకే మనుష్యుడు పలుమార్లు ఓదార్చుచుండును. యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఆతనితో నేలమీద కూర్చుండి యొక్క మాటయైనను పలుకలేదని గ్రంథము చెప్పుచున్నది. అంతవరకు వారు మంచి స్నేహితులు. నోరు తెరచినపిదపనే చెడిరి. లాజరు సమాధియొద్ద క్రీస్తు ఏడ్చెను. మరికొంతసేపటికి ఆతనిని లేపనున్నవాడు, ఆ సంగతి తానెరిగినవాడు, అయినను ఏడ్చెను. కన్నీరు అవిశ్వాసమైనచో ఆ మాటను సువార్తలో వ్రాసియుండరు.

ఇదంతయు పంతులుగారు ఆదివారపు బడిలో పిల్లలకు ఎన్నో మారులు చెప్పినదే. తనవరకు వచ్చునప్పటికి అక్కరకు రాలేదు. ఆయన దేవునితో తగవు పెట్టుకొనలేదు, నిష్ఠూరములాడలేదు. ప్రతిరాత్రి పడుకొనుటకు ముందు ఇంటిలో ప్రార్థన చేయునది భార్య. ఆయన చివర 'ఆమెన్' అనువాడు. అంతే ఆయన పాలు. ఆమె పోయినపిదప దేనికి ఆమెన్ అనవలెనో ఆయనకు తెలియలేదు. ఏప్రిల్ 16న ఈస్టరు. తెల్లవారకముందే సంఘమంతయు సమాధుల తోటకు పోయి, సున్నము కొట్టిన గోరీలమీద కొవ్వొత్తులు వెలిగించి పాడిరి. ప్రభువు లేచెనని ఒకరితో నొకరు చెప్పుకొనుచుండగా ఆయన పెదవులు కదిపెను. భార్య సమాధిమీద సిమెంటు ఇంకను పచ్చిగనే యున్నట్లు ఆయనకు కనబడినది.

అడాజనుకు వచ్చినపిదప, తండ్రి మనస్సు మళ్లించుటకు కుమారు డొక ఆదివారము ఆయనను కతార్‌గాముకు తీసికొనిపోయెను. అచ్చట ఆంగ్లేయుల గోరీలున్నవి. 1659లో పోయిన క్రిస్టఫర్ ఆక్సెండెన్‌కును, 1669లో పోయిన ఆతని యన్న సర్ జార్జికిని కలిపి లేపిన కట్టడము గుమ్మటములతో నవాబు సమాధివలె నుండును. డచ్చివారు తామేమి తక్కువ యని 1691లో పోయిన వాన్ రీడుకు అంతకంటె ఘనముగా కట్టిరి. ఈ వాన్ రీడే మలబారు చెట్లుచేమలను పండ్రెండు సంపుటములలో వర్ణింపించిన పండితుడు. ఆతని పేరు నిలుపుటకు ఆ గ్రంథము చాలదా యని యెవరికైనను తోచును. రెండు వర్తక సంఘములు సరుకులో పోటీపడినట్లే చావులోను పోటీపడినవి. పంతులుగారు ఆ గుమ్మటము క్రింద కొంతసేపు నిలిచిరి. దూరదేశమున, తమవారు లేనిచోట, మన్ను కప్పించుకొనినవారు వీరందరు అని మాత్రము అని బయటికి వచ్చిరి.

ఆషాఢమున తాపీకి పుట్టినదిన ముత్సవము. సూర్యుని కూతురగు నదికి సూరతువారు చీర సమర్పింతురు. ఆ సంవత్సరము చీర పుచ్చుకొన్న నెలకే నది యూరిమీదికి వచ్చినది. 1972లో పూర్తియైన ఉకాయి ఆనకట్ట నగరమునకు ఎగువన వంద కిలోమీటర్లకు కొంచెము తక్కువ దూరమున నున్నది. ఎగువను వానలు కురిసి జలాశయము నిండినపుడు విడిచిన నీరు ఒక దశలో సుమారు 9 లక్షల క్యూసెక్కులకు చేరినది. ఆగస్టు 7న మొదలైన వరద నగరములో చాలభాగమును ముంచినది. అడాజనును, దాని పొరుగున నున్న రాందేరును మిక్కిలి దెబ్బతిన్నవి. క్రింది యంతస్తులోనివారు కట్టుబట్టలతో పైకి పరుగెత్తిరి. పంతులుగారి కుటుంబమును నాలుగవ యంతస్తులోని గుజరాతీ గృహస్థు లోనికి పిలిచెను. మెట్లెక్కలేని వృద్ధుడు ఆ దినము నాలుగంతస్తులెక్కెను.

విద్యుత్తు లేదు. త్రాగునీరు లేదు. నీటిమీద బల్లలు, గ్యాసుబండలు తేలిపోవుచుండెను. రెండవ దినమున హెలికాప్టరులు మేడలమీద ఆహారపు పొట్లములు జారవిడిచినవి. ఆకాశమునుండి రొట్టె పడినందుకు మనుమడు సంబరపడుచుండగా, పంతులుగారికి తాత చెప్పిన ధాత కరువు జ్ఞప్తికి వచ్చినది.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఆ కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ముత్తాత అప్పుడు పదుమూడేండ్లవాడు. ఆ కాలువలో మట్టి మోసెను. తల్లియు, ఇద్దరు చెల్లెండ్రును అప్పటికే పోయిరి. పనివారితో పాటు త్రవ్విన బోధకులు మధ్యాహ్నపు నీడలో క్రీస్తు కథ చెప్పెడివారు. విన్నవారు బాప్తిస్మ మిమ్మనిరి. దొర ఇయ్యలేదు. కూటికొరకు కలిసిరను మాట రాగూడదని, సహాయము సాగినంతకాలము పదునైదు నెలలు ఆపెను. పనియు కూలియు ముగిసినపిదపగూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీ నీటిలో దిగి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ యేడు ముగియునప్పటికి లెక్క 9,606. దీనిని గూర్చి అన్నపు క్రైస్తవులని యెగతాళి చేసినవారు చేసిరి. ఆ పదునైదు నెలల సంగతి వారు చెప్పరు. తల్లిని పూడ్చి, మట్టి మోసి, కూలి ఆగిపోయినపిదప పది మైళ్లు నడచి వచ్చిన పిల్లవానికి ఇచ్చుటకు దొరయొద్ద బియ్యము లేదు. వాడు మరియొక దానికొరకు వచ్చెను.

చిన్ననాడు పంతులుగారు తాతను ఒకమారు అడిగిరట: 'అమ్మ పోయిన దుఃఖము ముత్తాతకు బాప్తిస్మముతో పోయినదా?' తాత 'పోలేదురా. దానికి కూర్చుండుటకు చోటు దొరికినది' అనెను. ఆ మాటకు అర్థమేమో పంతులుగారు అప్పుడడుగలేదు.

మూడవరాత్రి ఆ యింటి గృహస్థు తల్లి మరణించినది. చాలకాలముగా ఉబ్బసముతో నున్నది, మందులయిపోయినవి, వైద్యుడు వచ్చుటకు దారి లేదు. శ్మశానమునకు పోవుటకును దారి లేదు. కొడుకు 'బా, బా' యని పిలిచి పిలిచి ఊరకుండెను. ఆడువారు ఒక గదిలో నుండిరి. బయటిగదిలో ఆ గృహస్థు గోడకానుకొని కూర్చుండెను. పంతులుగారు పోయి ఆతని ప్రక్కన నేలమీద కూర్చుండిరి. చెప్పుటకు ఆయనయొద్ద ఏమియు లేదు. హిందీయు కొంచెమే వచ్చును. రాత్రి రెండు జాములు గడచినవి. క్రింద నీరు మెట్లకు కొట్టుకొనుచు చప్పుడు చేయుచుండెను.

తెల్లవారుజామున ఆతడు హిందీలో అడిగెను: 'దాదా, పోయినవారు నిద్రించుచున్నారని మీ మతమువారందురుగదా. అది నిజమా?'

నిజమేనని చెప్పుటకు పంతులుగారికి నోరు రాలేదు. కాదనుటకును రాలేదు. తెలుగు మాట నోటివరకు వచ్చెను; దానికి హిందీ వెదకవలసివచ్చెను. 'ఆశ' యందురా? అది సరిపోలేదు. 'ఇంతజార్' అనెను. మేము ఇంతజార్ చేయుచున్నాము.

ఆతడు కొంచెమాలోచించి తన భాషలో 'తమే రాహ జుఓ ఛో' అనెను. రాహ యనగా త్రోవ. త్రోవ చూచుచున్నారన్నమాట. పంతులుగారు తల యూపిరి. 'రాహ, అవును, రాహ' అని రెండుమారులు అనుచుండగా గొంతు పట్టుకొన్నది. భార్య పోయిననాడు సమాధియొద్ద రాని యేడుపు ఆ పరాయి యింట, తెలియని తల్లి కొరకు కూర్చున్నచోట వచ్చినది. ఆ గృహస్థు ఏమియు ననలేదు. ఏడువవద్దనియు ననలేదు.

మరునాడు మధ్యాహ్నమునకు నీరు తీయసాగెను. సాయంకాలమున ఆ తల్లిని పడవమీద తీసికొనిపోయిరి.

క్రింది యింటిలో మోకాలిలోతు బురద. ట్రంకుపెట్టెలో భార్య చీరలక్రింద ఆమె బైబిలు ఇటుకవలె ముద్దయై యుండెను. పంతులుగారు దానిని పైమేడమీద ఎండలో పెట్టి, రెండు దినములు ఒక్కొక్క పుటయే విడదీసిరి. ముందటి ఖాళీపుటమీద పుట్టుకలు, పెండ్లిండ్లు ఆయనయే సిరాతో ముత్యములవలె వ్రాసియుండెను. అదంతయు నీలిమరకయై పోయినది. భార్య ఎప్పుడును పెన్సిలుతోనే వ్రాసెడిది. పంతులు భార్యవై యుండి ఆ వ్రాత యేమని ఆయన గేలిచేసెడివాడు. గ్రంథమంతట అంచులమీద ఆమె పెన్సిలు గీతలు, తేదీలు చెక్కుచెదరక యున్నవి.

చివరి యట్టలోపల, ఆయన యెన్నడును తెరచి చూడనిచోట, ఒక పేరును రెండు తేదీలును కనబడినవి. రెంటికిని నడుమ పదునొకండు దినములు. 1963లో వారి రెండవబిడ్డ పేరు పెట్టకముందే పోయినదని ఆయన యనుకొనియుండెను. ఆమె పెట్టినదట. నలువదిమూడేండ్లు ఆ పేరును ఎవరితోను చెప్పలేదు; అట్టమీది కాగితము ఆ చోటున వ్రేలి రాపిడికి నునుపెక్కి యుండెను. ప్రతిరాత్రి ప్రార్థనలో ఆమె కొంచెమాగి, పిదప ముగించెడిది. ఆ యాగుటకు అర్థము ఆయన అడుగలేదు, ఆమెన్ అనెడివాడు.

ఆయన మనుమని పిలిచి పెన్సిలు అడిగెను. వాని పుస్తకములసంచియు వరదలోనే పోయినది. వాడు నాలుగవ యంతస్తుకు పోయి ఒక పొట్టిపెన్సిలు అడిగి తెచ్చెను. ఆయన దానిని చెక్కి, బిడ్డ పేరు క్రింద భార్య పేరును, జనవరి తేదీని వ్రాసెను. కాగితమింకను తడిగా నుండుటచే అక్షరములు సరిగా పడలేదు. మరునాడు ఎండ వచ్చినపిదప మరల దిద్దెను.